మెట్లెన్ని మిగిలాయి, గంటకెన్ని మునుగుతున్నాయి

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం మా అరుగు మీద ట్యూషన్‌కి కూర్చున్న ఇంటర్ మొదటి సంవత్సరం కుర్రాడొకడు నోట్సు నా ముందుకు తోశాడు. 2ఎక్స్ − 3వై = 12 అన్న సమీకరణాన్ని వాలు-అంతరఖండ రూపంలోకి మార్చాలి. అంటే వై ఒక్కటే ఎడమపక్క నిలబడాలి, తక్కినదంతా కుడిపక్కకి వెళ్లాలి. వాడు రాసిన జవాబు: వై = −(2/3)ఎక్స్ + 12.

"ఇదెలా వచ్చిందిరా?" అన్నాను.

"రెండెక్సుని అవతలికి పంపీసినాను మాస్టారూ. గుర్తు మారీసింది. మూడుతో కొట్టీసినాను."

అసలు జవాబు వై = (2/3)ఎక్స్ − 4. వాడి గీత 12 దగ్గర మొదలై కిందకి దిగుతుంది, అసలు గీత సున్నాకి నాలుగు కింద మొదలై పైకి ఎక్కుతుంది. రెండింటికీ పోలికే లేదు. తప్పు చూపించకుండా ఒక్క మాట అడిగాను: "నువ్వు రాసిన గీత ఎక్కుతుందా, దిగుతుందా?"

వాడు నోట్సు వంక చూశాడు, నా వంక చూశాడు. "గీత ఎక్కడం ఏటి మాస్టారూ?"

శ్రీకాకుళంలో ఇరవై ఏళ్లకు పైగా లెక్కలు చెబుతున్నాను. ఈ ప్రశ్న రకరకాల గొంతుల్లో విన్నాను. ప్రతిసారీ ఎక్కడో కలుక్కుమంటుంది. ఎందుకంటే వాడు మంద పిల్లాడు కాడు, పదో తరగతిలో లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకున్నవాడే. ఈ రూపంలోకి మార్చడం ఎలాగో వాడికి చెప్పాం. ఎందుకు మారుస్తున్నామో చెప్పలేదు. ఆ ఎందుకు అన్నది చెప్పకుండా ఎలా అన్నది ఎంత రుద్దినా నిలవదన్నదే నా వాదన.

అది నాకు తెలిసింది కాలేజీలో కాదు. మా తాత ఇంటి వెనక మెట్ల మీద.

తాత ఇల్లు నాగావళి ఒడ్డున ఉండేది. పెరటి గుమ్మం నుంచి ఏటిలోకి రాతి మెట్లు. నాగావళి పుట్టేది ఒడిశాలో, కలహండి కొండల్లో. అక్కడ కుండపోతగా కురిస్తే ఇక్కడ చినుకు పడకపోయినా ఏరు వచ్చేస్తుంది. పగలంతా ఎండ కాసిన రోజునే రాత్రి ఏరు పొంగడం నేను చూశాను. అలాంటి ఒక రాత్రి తాత టార్చిలైటు పట్టుకుని పెరట్లోకి వెళ్లాడు. వెనకాలే నేను. మెట్టు మెట్టు మీదా లైటు వేస్తూ లెక్కపెట్టాడు. ఆరు మిగిలాయి. లోపలికొచ్చి గోడ గడియారం చూసుకుని కూర్చున్నాడు. గంట తరువాత మళ్లీ వెళ్లాడు. నాలుగున్నర. ఐదో మెట్టు సగం వరకూ నీళ్లొచ్చేశాయి. పక్కింటి మామ్మ గోడ మీంచి అడిగింది, "ఎన్ని మెట్లున్నాయి బావూ?" తాత చెప్పాడు. మళ్లీ అడిగింది, "గంటకెన్ని పోతన్నాయి?" తాత అదీ చెప్పాడు. మామ్మ మూడో ప్రశ్న అడగలేదు. లోపలికెళ్లి బియ్యం డబ్బాలు అటక మీదకి ఎక్కించడం మొదలుపెట్టింది.

ఆ రాత్రిని సమీకరణంగా రాస్తే ఇలా ఉంటుంది. మొదటి లెక్క నుంచి గడిచిన గంటలు ఎక్స్. ఇంకా మునగని మెట్లు వై. ఏరు అదే జోరున పెరిగితే 3ఎక్స్ + 2వై = 12. పుస్తకాల్లో సమీకరణం సాధారణంగా ఈ వేషంలోనే కనిపిస్తుంది. దీన్ని ఎంతసేపు చూసినా మామ్మ అడిగిన రెండు ప్రశ్నలకీ జవాబు కనబడదు. మూడు దేని మూడు? రెండు దేని రెండు? పన్నెండు మెట్లు అక్కడ ఎప్పుడూ లేవు. ఇప్పుడు వైని ఒంటరిని చేద్దాం. 2వై = −3ఎక్స్ + 12. రెండింట భాగిస్తే వై = −(3/2)ఎక్స్ + 6.

ఆరు మెట్లున్నాయి, గంటకి మెట్టున్నర పోతోంది. మామ్మ రెండు ప్రశ్నలూ, తాత రెండు జవాబులూ ఒకే వరుసలో ఉన్నాయి. చివరనున్న ఆరు అంతరఖండం, ఎక్స్ పక్కనున్న మైనస్ మూడు బై రెండు వాలు. ఆ మైనస్ పరీక్ష పేపర్లో పెట్టే గుర్తు మాత్రమే కాదు, మెట్లు తరిగిపోతున్నాయన్న కబురు. ఆ మైనస్ మరిచిపోతే ఏరు తీస్తోందని మామ్మకి చెప్పినట్టే.

నా మొదటి క్లాసులో నేనిది చెప్పను. అడుగుతాను. ఇప్పుడు ఎంత ఉంది, ఎంత చొప్పున మారుతోంది? ఈ రెండు ప్రశ్నలూ పిల్లలకి పుట్టుకతో వచ్చినవే. ఫోన్ ఛార్జింగ్ ఎంతుంది, ఎంతసేపటికి ఎంత దిగుతోంది? చిట్టీకి ఎంత కట్టాం, నెలకెంత కడుతున్నాం? ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్ దగ్గర రైలు దిగి ఆటో మాట్లాడుకునేవాడు కూడా, ఎక్కగానే ఎంత, ఆ తరువాత కిలోమీటరుకెంత అనే ఆలోచిస్తాడు. ఈ రెండూ విడివిడిగా కంటికి కనబడేలా సమీకరణాన్ని తిరగరాయడమే మనం చేసే పని. అక్షరాలని అటూ ఇటూ జరపడం దానికి పనిముట్టు మాత్రమే.

మన భాషలో వాలు ఎంత మంచి మాటో చూడండి. పొద్దు వాలుతుంది, పిట్ట కొమ్మ మీద వాలుతుంది, ముసలాయన వాలుకుర్చీలో వాలతాడు, పెంకుటింటి కప్పుకి వాలు చాలకపోతే నీళ్లు నిలిచి కారుతుంది. నీరు పల్లమెరుగు అంటాం. ఇంగ్లీషు మీడియం పిల్లలకి స్లోప్ అన్నప్పుడు ఇవేవీ గుర్తుకు రావు, అందుకే నేను రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చెబుతాను. అంతరఖండం సంగతి వేరు. ఆ మాట వినగానే తెలుగు మీడియం పిల్లలు కూడా బిగుసుకుపోతారు. దానికి నేను మొదలు అని పేరు పెట్టుకున్నాను. గీత నిలువు అక్షాన్ని తాకే చోటు, ఎక్స్ ఇంకా సున్నాగా ఉన్నప్పటి విలువ. పరీక్షలో అంతరఖండం అనే రాయండిరా, మనసులో మాత్రం మొదలు అనుకోండి అంటాను.

ఇక మా కుర్రాడు చేసిన తప్పులు. అవి రెండు, రెండూ ఒకే ఊట నుంచి వచ్చాయి. రెండెక్సుని పంపేసాక వాడి దగ్గర −3వై = −2ఎక్స్ + 12 ఉంది. అక్కడిదాకా సరిగ్గానే వచ్చాడు. అప్పుడు మూడు ముందున్న మైనస్‌ని వదిలేశాడు. ఎక్స్‌ని మూడింట భాగించి, పన్నెండు జోలికి పోలేదు. వాడి మనసులో భాగించడం లేదు, కొట్టెయ్యడం ఉంది. కొట్టెయ్యడమంటే ఇక్కడో గీత, అక్కడో గీత. పంపెయ్యడమంటే ఇటున్నది అటు, గుర్తు తలకిందులు. ఈ రెండు మాటలూ మా వృత్తిలో నిత్యం వాడేవే, నేనూ వాడాను. కానీ వీటి వెనక ఉన్న అసలు పని ఒక్కటే. రెండు పక్కలా ఒకే పని చెయ్యి, తక్కెడ ఒరగదు.

మైనస్ రెండెక్సు ఎక్కడి నుంచి వచ్చింది? ఎడమపక్కనున్న రెండెక్సు ఎగిరి దూకలేదు. రెండు పక్కలా రెండెక్సు తీసేశాం. ఎడమన అది పోయింది, కుడిన లోటుగా మిగిలింది. ఆ తరువాత మైనస్ మూడుతో భాగించేటప్పుడు కుడిపక్క ఉన్నదంతా భాగించాలి. దీనికి నేనెప్పుడూ ఒకటే పోలిక చెబుతాను. ముగ్గురన్నదమ్ములు వాటాలు వేసుకుంటున్నారు. పొలం మూడు ముక్కలు చేశారు, రొక్కం మాత్రం పన్నెండు వేలూ ఒక్కడే పట్టుకుపోయాడు. ఊరుకుంటారా? ఆ మాట అనగానే కుర్రాడు పెన్ను తీసుకుని పన్నెండు పక్కన నాలుగు రాశాడు. ఆ నాలుగుకి మైనస్ పెట్టడానికి మాత్రం ఇంకో ఐదు నిమిషాలు పట్టింది. పట్టనివ్వండి. ఆ ఐదు నిమిషాలే చదువు.

నిజానికి బీజగణితానికి ఇంగ్లీషు పేరు పుట్టిందే ఈ పనిలోంచి. 9వ శతాబ్దంలో బాగ్దాదులో అల్-ఖ్వారిజ్మీ అనే పండితుడు సమీకరణాలు సాధించే పద్ధతి రాస్తూ, ఒకపక్క తీసివేతగా ఉన్నదాన్ని రెండు పక్కలా కలిపి పూడ్చడాన్ని అల్-జబ్ర్ అన్నాడు. ఆల్జీబ్రా అన్న మాట దాన్నుంచే వచ్చింది. అరబ్బీలో జబ్ర్ అంటే విరిగినదాన్ని సరిచెయ్యడం. ఆ మాటే స్పెయిన్ చేరి, విరిగిన ఎముకలు కట్టేవాడికి కూడా పేరయింది. మనకి పుత్తూరు కట్టు తెలుసు కదా, ఆ పని చేసేవాళ్లని అక్కడ ఆల్జీబ్రిస్టా అనేవారు. పిల్లలకి ఈ సంగతి చెబితే కళ్లు పెద్దవవుతాయి. పంపెయ్యడం అన్న మాటలో ఎముక కనబడదు. లోటు పూడ్చడం అంటే కనబడుతుంది.

ఇంకో చిక్కుముడి ఉంది, దాని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. సామాన్య రూపం ఏఎక్స్ + బీవై + సీ = 0. వాలు రూపం వై = ఎమ్ఎక్స్ + సీ. రెండింట్లోనూ సీ ఉంది, రెండు సీలూ ఒకటి కావు. మొదటి సీ నుంచి రెండో సీ రావాలంటే దాన్ని బీతో భాగించి గుర్తు మార్చాలి. మా తాత మెట్ల లెక్కని సామాన్య రూపంలో రాస్తే 3ఎక్స్ + 2వై − 12 = 0. అక్కడ సీ మైనస్ 12. మెట్లు మాత్రం ఆరు. పిల్లలు ఆ మైనస్ పన్నెండునే తెచ్చి అంతరఖండం అని రాసేస్తే తప్పు వాళ్లదా? ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే పేరు పెట్టి, పిలిస్తే ఎవరు పలకాలో తెలియదంటే ఎలా? అది చాలదన్నట్టు ఫోన్లో అమెరికా వీడియోలు చూసిన పిల్లలకి వై = ఎమ్ఎక్స్ + బీ కనిపిస్తుంది, ఆ బీ మళ్లీ మన బీవైలో బీ కాదు. నేను క్లాసులో సామాన్య రూపాన్ని పెద్ద అక్షరాలతో, వాలు రూపాన్ని చిన్న అక్షరాలతో రాస్తాను. పాఠ్యపుస్తకం రాసేవాళ్లు ఈ చిన్న పని చేస్తే ఎన్ని వేల నోట్సుల్లో ఎర్రసిరా తగ్గుతుందో.

ఎమ్ అంటే ఏటి మాస్టారూ అని కూడా అడుగుతారు. ఎందుకు ఎమ్ వాడారో గణిత చరిత్రకారులే తేల్చలేకపోయారు. గీతల్నీ సమీకరణాల్నీ 1637లో ముడిపెట్టిన డెకార్టే పెట్టాడని కొందరు చెబుతారు, ఆయన వాడలేదు. ఈ జవాబు పిల్లలకి భలే నచ్చుతుంది, పెద్దవాళ్లకి తెలియనివి కూడా ఉంటాయని.

మొన్నామధ్య మా వీధిలో ఒక తల్లి రాత్రి పది గంటలకి తలుపు కొట్టింది. పిల్లకి ఒళ్లు కాలిపోతోంది, కొత్తగా కొన్న డిజిటల్ థర్మామీటరు ముప్పై తొమ్మిది చూపిస్తోంది. "ముప్పై తొమ్మిదే కదా అన్నియ్యా, నూరైనా లేదు, తెల్లారేదాకా చూడొచ్చా?" అని అడిగింది. అది సెల్సియస్‌లో పెట్టి ఉంది. మన ఇళ్లలో జ్వరమంటే నూటొకటి, నూట రెండు. ఫారన్‌హీట్ లెక్క. రెండింటికీ ఉన్న సంబంధం 5ఎఫ్ − 9సీ = 160. ఈ రూపంలో చూస్తే నాకూ ఏమీ తట్టదు. ఎఫ్‌ని ఒంటరిని చేస్తే ఎఫ్ = (9/5)సీ + 32. ముప్పై తొమ్మిదికి 102.2 వస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాను, వెళ్లారు, పిల్ల కులాసాగా ఉంది. ఆ తరువాత ఆ తల్లికి నేను చెప్పింది 32 గురించి కాదు, తొమ్మిది బై ఐదు గురించి. ఆ యంత్రంలో ఒక్క డిగ్రీ పెరిగితే మన లెక్కలో దగ్గర దగ్గర రెండు పెరిగినట్టు. ముప్పై ఎనిమిది నుంచి ముప్పై తొమ్మిదికి వెళ్తే అది ఒక్క అంకె కాదు, 100.4 నుంచి 102.2కి ఎగబాకడం. వాలు అంటే ఇదే. ఆమె చదివింది ఏడో తరగతి వరకే. ఒక్కసారి చెబితే అర్థమైంది.

దీనికి ఎదురుమాట నాకు తెలుసు, అది తీసిపారేసేది కాదు. ఒక కాలేజీలో పనిచేసిన రోజుల్లో ఈ పాఠానికి రెండు రోజులు తీసుకున్నానని పిలిచి అడిగారు. వాలు మైనస్ ఏ బై బీ, అంతరఖండం మైనస్ సీ బై బీ, రెండు నిమిషాల ఫార్ములాకి రెండు రోజులా అని. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చెయ్యాలి, అందులో లెక్కలు 80. ప్రశ్నకి నిమిషం పైన చిల్లర. ఆ పరీక్ష మీద ఒక ఇంటి ఆశలన్నీ ఉంటాయి. పలాసలో జీడిపప్పు ఒలిచే చేతులు, పొందూరులో నూలు వడికే చేతులు కూడబెట్టిన డబ్బుతో పిల్లల్ని పంపిస్తారు. వాళ్లకి షార్ట్‌కట్ వద్దని చెప్పే హక్కు నాకు లేదు, నేను చెప్పను కూడా. నేనడిగేది వరుస. ముందు పది లెక్కలు చేత్తో, రెండు పక్కలా ఒకే పని చేస్తూ, చెయ్యనివ్వండి. పదకొండో లెక్కకి వాడే అడుగుతాడు, "మాస్టారూ, ప్రతిసారీ పైన ఇదే, కింద ఇదే వస్తాంది కదా, తిన్నగా రాసీవచ్చా?" అని. అప్పుడు ఆ ఫార్ములా వాడిది. మనం ముందే ఇచ్చేస్తే అది అప్పు తెచ్చుకున్న సొమ్ము, పరీక్ష హాల్లో కంగారు పుట్టగానే గుర్తు ఎక్కడుందో తెలియక చేజారిపోతుంది.

సామాన్య రూపం పనికిమాలినదని కూడా నేననను. మామ్మ ఇంకో ప్రశ్న అడిగి ఉంటే, నీళ్లు గుమ్మం దాకా ఎప్పటికి వస్తాయి అని, దానికి 3ఎక్స్ + 2వై = 12 అన్నదే చకచకా చెబుతుంది. మెట్లు సున్నా, అంటే వైని వేలితో మూసెయ్యి, 3ఎక్స్ = 12, నాలుగు గంటలు. భిన్నాలు లేవు, మైనస్‌లు లేవు. నిలువు గీతలు కూడా ఆ రూపంలోనే ఇముడుతాయి. ఎక్స్ = 4 అన్నదాన్ని వాలు రూపంలో రాయలేం, బీ సున్నా, సున్నాతో భాగించడం కుదరదు. ఏరు ఒకే క్షణంలో అన్ని మట్టాల్లోనూ ఉండడం లాంటిది అది. ఏ ప్రశ్నకి ఏ రూపం జవాబు చెబుతుందో తెలిసినవాడికే ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడం అక్కరకొస్తుంది.

పదో తరగతిలో సమీకరణాల జత చెప్పేటప్పుడు ఇది మరీ బాగా తెలుస్తుంది. 3ఎక్స్ + 2వై = 12, 6ఎక్స్ + 4వై = 20. వీటికి సాధన ఉందా అంటే పిల్లలు ఏ ఒకటి బై ఏ రెండు అంటూ నిష్పత్తుల మంత్రం చదువుతారు. రెండింటినీ వాలు రూపంలో రాయండి. ఒకటి ఆరు దగ్గర మొదలై గంటకి మెట్టున్నర దిగుతుంది, రెండోది ఐదు దగ్గర మొదలై గంటకి మెట్టున్నరే దిగుతుంది. మా తాత ఇల్లూ పక్కింటి మామ్మ ఇల్లూ అనుకోండి. ఒకే ఏరు, ఒకే జోరు, మామ్మకి ఒక మెట్టు తక్కువ. రెండిళ్లలోనూ ఒకే సమయంలో ఒకేలా మెట్లు మిగిలే ఘడియ ఏ రాత్రీ రాదు. సమాంతర రేఖలంటే ఇదని చెబితే మంత్రం అక్కర్లేదు.

ఆ సాయంత్రం మా కుర్రాడికి ఈ మెట్ల కథంతా చెప్పాను. వాడిదీ ఏటిగట్టు ఊరే, వంశధార పక్క. నోట్సులో కొత్త పేజీ తిప్పి 3ఎక్స్ + 2వై = 12 రాసుకుని, ఈసారి నోటితో చెప్పుకుంటూ చేశాడు. రెండు పక్కలా మూడెక్సు తీశాను, రెండు పక్కలా రెండింట భాగించాను, పన్నెండుని కూడా. గీత గీశాడు. ఆరు దగ్గర మొదలుపెట్టి, ఒక గడి కుడికి వెళ్తే గడిన్నర కిందకి దిగి, నాలుగు దగ్గర అడ్డగీతని తాకి, స్కేలు తియ్యకుండా ఇంకా కిందకి లాగాడు. అక్కడ ఆగాడు.

"మాస్టారూ, ఐదో గంటకి మైనస్ ఒకటిన్నర వస్తాంది. మెట్లు మైనస్ ఎలాగుంటాయి?"

నేను మాట్లాడలేదు. వాడు పెన్ను కొరుకుతూ గీత వంక చూశాడు.

"గుమ్మం దాటి మెట్టున్నర లోతు నీళ్లన్నమాట. ఇంట్లో." కాసేపు ఊరుకుని అడిగాడు, "మరి మీ తాత ఇల్లు ములిగిపోనాదా?"

లేదని చెప్పాను. తాత గంట గంటకీ లేచి వెళ్లి మెట్లు లెక్కపెడుతూనే ఉన్నాడు. మూడోసారి వెళ్లొచ్చేసరికి నాలుగు మిగిలాయి. ఆ గంటలో అర మెట్టే మునిగింది. తాత గోడ మీంచి మామ్మని కేకేసి ఆ మాట చెప్పి, టార్చిలైటు ఆర్పి, నన్ను పడుకోమన్నాడు.

కుర్రాడు ఎక్స్ విలువ 1 దగ్గర చుక్క పెట్టి, అక్కడి నుంచి ఇంకో గీత గీశాడు, మొదటిదాని కంటే బాగా తక్కువ వాలుతో.

"దీనికి సమీకరణం నేను రాసీనా మాస్టారూ?" అన్నాడు.